కొట్టేసిన పేజీలు చించేయకండి: సినిమా స్టూడియోల అధిపతులకు బహిరంగ లేఖ

స్టూడియోల అధిపతులకు, నిర్మాతలకు, స్క్రిప్టుల మీద నోట్స్ రాసే పెద్దలందరికీ,

నమస్కారం.

1942 వేసవిలో 'కాసాబ్లాంకా' అనే హాలీవుడ్ సినిమా షూటింగ్ అయిపోయింది. నటులు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. చివర్లో కథానాయకుడు రిక్, పోలీసు అధికారి రెనో ఇద్దరూ పొగమంచులోకి నడిచి వెళ్లే షాట్ దగ్గర మాత్రం నిర్మాత హాల్ వాలిస్‌కు ఏదో వెలితిగా అనిపించింది. ఇంకొక్క డైలాగ్ పడాలనుకున్నాడు. తనే రాశాడు. కొన్ని వారాల తర్వాత రిక్‌గా నటించిన హంఫ్రీ బోగార్ట్‌ను మళ్లీ పిలిపించి ఆ ఒక్క వాక్యం రికార్డు చేయించాడు. ఈసారి ఆ సినిమా చూసినప్పుడు గమనించండి. ఆ షాట్‌లో ఇద్దరూ మనకు వీపు పెట్టి నడుస్తుంటారు. పెదాలు కనిపించవు. అందుకే తర్వాత అతికించిన మాట అక్కడ అంత చక్కగా ఇమిడిపోయింది. ఇక్కడితో మన స్నేహం మొదలైందనే అర్థం వచ్చే ఆ మాట ఎనభై ఏళ్లుగా జనం నోళ్లలో నానుతోంది. అది స్క్రిప్టులో లేదు, సెట్‌లో ఎవరూ పలకలేదు. ఎడిటింగ్ దశలో ఒక నిర్మాత కలంలోంచి వచ్చింది.

ఉత్తరం ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. సినిమా పిచ్చోళ్లు మీకు రాసే ఉత్తరాల్లో సాధారణంగా తిట్లే ఉంటాయి. దర్శకుడు దేవుడు, స్టూడియో రాక్షసి అన్నది మాకు బాగా అలవాటైన కథ. నేనూ చాలా ఏళ్లు అదే నమ్మాను. డ్రాఫ్టులు చదవడం మొదలుపెట్టాక ఆ నమ్మకం సడలింది. ఒక్క 'కాసాబ్లాంకా'నే తీసుకోండి. దాని మూలం అప్పటికి ఏ స్టేజీ ఎక్కని నాటకం. దాన్ని జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టీన్ అనే కవల సోదరులు, హోవర్డ్ కోచ్ సినిమాకు మలిచారు. కేసీ రాబిన్సన్ కూడా పని చేశాడు కానీ తెర మీద పేరు పడలేదు. ఎవరిని ప్రేమిస్తున్నట్టు నటించాలో, చివరికి ఎవరితో వెళ్లాలో కథానాయికగా చేసిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు షూటింగ్ చాలావరకు అయ్యేదాకా తెలియదు. పెళ్లయిన స్త్రీ భర్తను వదిలి ఇంకొకరితో వెళ్లిపోవడాన్ని అప్పటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు. రిక్ తను ప్రేమించిన మనిషిని ఆమె భర్తతో పంపేసే ఆ త్యాగం మనల్ని ఏడిపించింది. దాని వెనక ఇంతమంది చేతులున్నాయి, ఒక రూల్‌బుక్కు కూడా ఉంది.

అందుకని ఈ ఉత్తరం మీ చేతుల్లోంచి కత్తెర లాక్కోవడానికి కాదు. కత్తిరించాక కింద పడిన ముక్కల్ని ఏం చేస్తున్నారని అడగడానికి.

ఒకే మనిషి, ఒకే స్టూడియో, ఒకే ఏడాది. అక్కడ జరిగింది చూస్తే నా బాధ మీకు తేలిగ్గా అర్థమవుతుంది. 1985. యూనివర్సల్‌లో పెద్ద కుర్చీలో ఉన్నది సిడ్ షైన్‌బర్గ్. ఆ ఏడాది వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' ఒక కుర్రాడు కాలంలో వెనక్కి వెళ్లే కథ. దాని తొలి డ్రాఫ్టుల్లో ఇప్పుడు మనకు తెలిసిన కారు లేదు. కాలయంత్రం ఒక ఫ్రిజ్. పతాక సన్నివేశం అణుపరీక్ష జరిగే ఎడారిలో. ఆ పేలుడు శక్తితో కుర్రాడు తన కాలానికి తిరిగి రావాలి. అంత ఖర్చు కుదరదన్నారు. ఊళ్లోనే, ఉన్న సెట్‌లోనే ముగించాల్సి వచ్చింది. అప్పుడు పుట్టింది గడియారపు స్తంభం మీద పిడుగు పడే ఆలోచన. చేతిలో ఊడిపోయిన కేబుల్, ముల్లు జరుగుతున్న గడియారం, దూసుకొస్తున్న కారు. ఎడారిలో పేలుడు ఎంత పెద్దగా తీసినా ఇంత టెన్షన్ వచ్చేదని నేననుకోను. ఎందుకంటే ఆ గడియారం సంగతి సినిమా మొదట్లోనే మన చెవిన పడుతుంది, ఆ కరపత్రం కుర్రాడి జేబులోనే ఉంటుంది. డబ్బు లేక వెతుక్కున్న దారి కథలోకే తీసుకెళ్లింది.

షైన్‌బర్గ్ స్వయంగా ఇచ్చిన సలహాలు కూడా ఉన్నాయి. కాలయంత్రం చేసిన శాస్త్రవేత్తను ప్రొఫెసర్ బ్రౌన్ అనొద్దు, డాక్ అనండి అన్నాడు. పెంపుడు చింపాంజీ వద్దు, కుక్కను పెట్టండి అన్నాడు. రెండూ సినిమాకు మేలు చేశాయి. అదే మనిషి ఆ సినిమా పేరు బాగాలేదు, 'స్పేస్‌మ్యాన్ ఫ్రమ్ ప్లూటో' అని మార్చమని మెమో పంపాడు. ఆ సినిమాకు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరైన స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాన్ని మంచి జోక్‌గా తీసుకున్నట్టు నటించి, నవ్వించినందుకు థ్యాంక్స్ అని జవాబు రాయడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. అదే ఏడాది అదే మనిషి టెర్రీ గిలియమ్ తీసిన 'బ్రెజిల్'ను పట్టుకుని కూర్చున్నాడు. సుఖాంతం కావాలన్నాడు. స్టూడియో తన సొంత కూర్పు చేయించింది, 94 నిమిషాలకు. గిలియమ్ 'వెరైటీ' పత్రికలో ఒక పూర్తి పేజీ కొన్నాడు. దాదాపు ఖాళీగా వదిలేసిన ఆ పేజీలో నా సినిమా ఎప్పుడు విడుదల చేస్తారని షైన్‌బర్గ్‌ను పేరు పెట్టి అడిగాడు. అమెరికాలో ఇంకా విడుదలే కాని ఆ సినిమాకు లాస్ ఏంజిలిస్ విమర్శకుల సంఘం ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చాక గానీ స్టూడియో దిగిరాలేదు.

ఒక చోట మేలు చేసిన బుర్రే ఇంకో చోట గొంతు నొక్కింది. అది చెడ్డ బుర్ర అని నేననను. ఏ నిర్ణయం సరైనదో తీసుకునే క్షణంలో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు చేయగలిగింది ఒక్కటే, తీసేసిన దాన్ని భద్రంగా ఉంచడం. ఇప్పుడు మనం ఆ ఫ్రిజ్ గురించీ, ప్లూటో గురించీ, ఆ 94 నిమిషాల కూర్పు గురించీ మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ డ్రాఫ్టులు, ఆ ఫిల్ము మిగిలాయి గనకే.

మిగలనివి గుర్తొస్తే నాకు ఈ రోజుకీ మనసు మండుతుంది.

ఆర్సన్ వెల్స్ 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' తీసేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. తొలి కూర్పు 131 నిమిషాలు. యుద్ధకాలం, లాటిన్ అమెరికాతో స్నేహం పెంచడానికి ప్రభుత్వం కోరిన ఇంకో సినిమా పని మీద ఆయన బ్రెజిల్ దేశం వెళ్లాడు. 1942 మార్చిలో ఆర్కేఓ స్టూడియో పొమోనా అనే ఊళ్లో ప్రివ్యూ వేసింది. ఆ సాయంత్రం హాలుకు వచ్చింది ఒక సరదా మ్యూజికల్ కోసం, కుర్రకారే ఎక్కువ. వాళ్ల ముందు ఒక సంపన్న కుటుంబం మెల్లగా చితికిపోయే కథ వేశారు. నవ్వకూడని చోట నవ్వారు. అభిప్రాయాల కార్డుల మీద దుమ్మెత్తిపోశారు. రెండు రోజుల తర్వాత పాసడీనాలో ఇంకో ప్రివ్యూ వేస్తే అక్కడి జనం చాలా మెరుగ్గా స్పందించారు. కానీ స్టూడియోకు మొదటి రాత్రి భయమే మిగిలింది. వెల్స్ బ్రెజిల్ నుంచి పొడవాటి టెలిగ్రాములు పంపుతూనే ఉన్నాడు. ఇక్కడ నలభై నిమిషాలకు పైగా లేపేశారు. ఒక ఆసుపత్రి వరండాలో కొత్త ముగింపు తీసి అతికించారు. చివరికి 88 నిమిషాలు మిగిలింది. సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ తన పని ముక్కలవడం చూసి తెర మీద తన పేరు తీసేయమన్నాడు, తీసేశారు.

ఇంతవరకూ కూడా నేను మిమ్మల్ని క్షమించగలను. యుద్ధం రోజులు, డబ్బులు పెట్టినవాళ్ల భయం నాకు తెలియంది కాదు. కానీ ఆ తర్వాత, తీసేసిన నెగెటివ్‌ను నాశనం చేశారు. ఫిల్ములు దాచే వాల్ట్‌లో చోటు కావాలని. ఆ నలభై నిమిషాల్లో ఏముందో ఇప్పుడు మనకు కాగితాల మీద, కొన్ని స్టిల్స్‌లో మాత్రమే తెలుసు. ఆ ఇంట్లో జరిగే డాన్సు సన్నివేశంలో కెమెరా గదుల్లోంచి గదుల్లోకి కదిలే తీరు చూడండి. ఇప్పుడున్న సినిమాలోనే అది మనిషిని లాక్కెళ్తుంది. అసలు కూర్పులో ఆ పొడవాటి షాట్లు ఇంకా సాగేవి. ఎక్కడ కోశారో తెలిసినవాళ్లకు ఆ చోట పన్ను ఊడిన చిగురు తగిలినట్టు ఉంటుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది 'బ్లేడ్ రన్నర్'. 1982లో డెన్వర్, డాలస్ నగరాల్లో పరీక్ష ప్రదర్శనలు వేశారు. జనానికి అర్థం కాలేదన్నారు. హారిసన్ ఫోర్డ్ చేత నేపథ్యంలో వివరణ చెప్పించారు. చివర్లో పచ్చని కొండల మీదుగా ఇద్దరూ కారులో వెళ్లిపోయే సుఖాంతం జోడించారు. ఆ కొండల దృశ్యాలు స్టాన్లీ కూబ్రిక్ 'ది షైనింగ్' కోసం తీయించగా మిగిలిపోయిన ఫిల్ములోవి. ఎనిమిదేళ్లు గడిచాయి. 1990లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక థియేటర్ ఆ సినిమా 70 ఎంఎం ప్రింటు అడిగితే, వచ్చిన డబ్బాలో ఉన్నది మామూలు ప్రింటు కాదు, మార్పులకు ముందు నాటి వర్క్‌ప్రింట్, అంటే ఎడిటింగ్ దశలో వాడుకునే ప్రతి. జనం కూర్చుని చూస్తుండగా, అలవాటైన ఆ గొంతు దాదాపుగా వినిపించలేదు. కొండలు రాలేదు. ఆ ప్రదర్శనల మీద పుట్టిన ఆసక్తే 1992లో డైరెక్టర్స్ కట్‌కు, ఆ దారిలోనే 2007లో ఫైనల్ కట్‌కు నడిపించింది. ఒక డబ్బాను ఎవరో పారేయకుండా అల్మారాలో ఉంచినందుకు ఇదంతా జరిగింది.

మన దేశంలోనే 'షోలే' సంగతి చూడండి. అక్కడ ముగింపు మార్పించింది స్టూడియో కాదు, ఎమర్జెన్సీ నాటి సెన్సార్. ఠాకూర్ చేతిలో గబ్బర్ చావాల్సింది, పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్లీ తీశారు. యాభై ఏళ్ల తర్వాత, 2025లో, పునరుద్ధరించిన ప్రతిని ఇటలీలోని బొలోన్యాలో అసలు ముగింపుతో సహా తెర మీద వేశారు. ఫిల్ము ఎక్కడో ఒకచోట బతికి ఉంటే యాభై ఏళ్లు ఆలస్యమైనా ఫరవాలేదు.

ప్రివ్యూ కార్డుల మీద కూడా ఒక మాట చెప్పాలి. వాటిని తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు. 'సన్‌సెట్ బొలెవార్డ్' మొదట్లో శవాల గదిలో శవాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సన్నివేశం ఉండేది. ప్రివ్యూలో బొటనవేలికి చీటీ కట్టగానే హాలంతా పగలబడి నవ్వింది. బిల్లీ వైల్డర్ ఆ సన్నివేశం మొత్తం ఎత్తేశాడు, సినిమా బాగుపడింది. అక్కడ జనం నవ్వు నిజం చెప్పింది. పొమోనాలోనూ జనం నవ్వారు, కానీ అక్కడ నవ్విన జనానికీ ఆ సినిమాకూ పొత్తు లేదు. కార్డు మీద 'ఎక్సలెంట్', 'వెరీ గుడ్' గళ్లలో ఎన్ని టిక్కులు పడ్డాయో లెక్కపెట్టే ముందు ఆ సాయంత్రం ఆ హాల్లో ఎవరు కూర్చున్నారో కూడా రాసి పెట్టండి. 'ఫేటల్ ఎట్రాక్షన్' ముగింపు మార్చినప్పుడు అందులో నటించిన గ్లెన్ క్లోజ్ గట్టిగా ఎదురు నిలిచింది. తన పాత్ర హంతకురాలు కాదు, తనను తాను చంపుకునే మనిషి అంది. ప్రేక్షకులకు మాత్రం ఆమెకు శిక్ష పడటం కావాలి. కొత్త ముగింపుతో సినిమా విరగబడి ఆడింది. ఎవరిది ఒప్పు? నా మటుకు నేను క్లోజ్ వైపే. పాత ముగింపు ఇప్పుడు చూడటానికి దొరుకుతోంది గనక మీరు నాతో వాదించవచ్చు కూడా.

డ్రాఫ్టుల దగ్గరికి వస్తాను, నా అసలు ప్రేమ అక్కడే.

'ప్రెటీ వుమన్' మొదట 'త్రీ థౌజండ్' అన్న పేరుతో జె.ఎఫ్. లాటన్ రాసిన చీకటి కథ. 3000 డాలర్లన్నది కథలోని వేశ్యకు ఒక ధనికుడు వారానికి ఇచ్చే ధర. చివర్లో అతను ఆమెను కారులోంచి దింపేసి పోతాడు, ఆమె స్నేహితురాలితో బస్సెక్కి డిస్నీల్యాండ్‌కు బయల్దేరుతుంది. ఆటబొమ్మలే పాత్రలైన 'టాయ్ స్టోరీ'లో వుడీ మొదట ఎంత దుష్టుడంటే, బజ్‌ను కావాలనే కిటికీలోంచి తోసేస్తాడు. కథలో పదును పెంచండి, పెంచండి అని డిస్నీ నుంచి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ నోట్స్ వచ్చేవి. వచ్చినవన్నీ అమలు చేస్తూ పోయారు. 1993 నవంబర్ 19న బొమ్మల రీలు, అంటే గీసిన బొమ్మలతో కూర్చిన ముసాయిదా, వేసి చూపిస్తే, తీసినవాళ్లకే వుడీ మీద అసహ్యం వేసింది. డిస్నీ పని ఆపించింది. సినిమా తీస్తున్న పిక్సార్ వాళ్లు గడువు అడిగి, ఈసారి తాము నమ్మినట్టు తిరగరాసుకున్నారు. 1995లో వచ్చిన సినిమాలో కూడా వుడీ అసూయపడతాడు, కానీ బజ్ కిటికీలోంచి పడటం పొరపాటు. చేయి తోసిందా, తగిలిందా అన్న ఒక్క తేడా. స్క్రిప్టు రాసేవాళ్లకు పాత్ర మీద సానుభూతి అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు కనబడలేదు. ఆ పాత రీలు బయటికి వచ్చింది గనక నేర్చుకున్నాం.

మరి 'ది స్వెట్‌బాక్స్' అనే డాక్యుమెంటరీ సంగతేమిటి? డిస్నీలో 'కింగ్‌డమ్ ఆఫ్ ది సన్' అనే గంభీరమైన కథ ఏళ్ల తరబడి నలిగి, దర్శకుడు రోజర్ అలర్స్ తప్పుకుని, చివరికి 2000లో 'ది ఎంపరర్స్ న్యూ గ్రూవ్' అనే హాస్య చిత్రంగా తేలింది. పాటలు రాసిన స్టింగ్ భార్య ట్రూడీ స్టైలర్ ఆ ప్రయాణమంతా కెమెరాలో పట్టింది. పెద్దలు బొమ్మల రీలు చూసి పెదవి విరిచే గది, నెలల పని పోయిన కళాకారుల ముఖాలు, అన్నీ అందులో ఉన్నాయి. 2002లో టొరంటో ఉత్సవంలో వేశారు, ఆ తర్వాత దాదాపు చీకట్లోనే ఉండిపోయింది. స్టూడియో పరువు పోతుందనుకున్నారేమో. ఆ గదిలో కూర్చున్నవాళ్ల మీద నాకు అది చూశాక గౌరవం పెరిగింది. వాళ్లు సినిమాను నిజంగా పట్టించుకున్నారు, భయపడ్డారు, తప్పులు చేశారు, మళ్లీ కూర్చున్నారు. చూపించాల్సిన విషయాన్నే దాచిపెట్టుకున్నారు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. నేను స్క్రిప్టు పని చేసిన ఒక సినిమాలో తల్లీకూతుళ్ల మధ్య నాలుగు పేజీల సన్నివేశం ఉండేది. ఆరో డ్రాఫ్టు దాకా దాన్ని కాపాడుకుంటూ వచ్చాను. సిట్టింగ్‌లో నిర్మాత ఆ పేజీల మీద పెన్సిల్‌తో ఒక అడ్డగీత గీసి, పక్కన మార్జిన్‌లో రాశారు: "ఇదంతా అమ్మ ఎందుకు చెప్తోంది? మనకి ముందే తెలుసుగా." నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూతురు తలుపు దగ్గర నిలబడి అమ్మ చెప్పుల వైపు చూసే షాట్ ఒక్కటి పడగానే తెలిసింది, ఆ నాలుగు పేజీలు అక్కర్లేదు. ఆయన చెప్పిందే రైటు. కొన్నేళ్ల తర్వాత స్క్రిప్టు రాయడం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఆ షాట్ గురించి అడిగింది, అంత తక్కువలో ఎలా చెప్పగలిగారని. ఆ పెన్సిల్ గీత చూపిస్తే చాలు, ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, బిల్డింగ్ మారినప్పుడు పాత ఫైళ్లన్నీ తూకానికి వేసేశామన్నారు. నా దగ్గరున్నది టైపు చేసిన కాపీ మాత్రమే. అందులో ఆ నాలుగు పేజీలున్నాయి. అవి ఎందుకు పోయాయో లేదు.

ఇప్పుడు ఫైళ్లు తూకానికి కూడా వేయనక్కర్లేదు, ఒక్క బటన్ చాలు. 2022 ఆగస్టులో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ 'బ్యాట్‌గర్ల్'ను ఆపేసింది. షూటింగ్ పూర్తయి ఎడిటింగ్‌లో ఉన్న సినిమా, దాదాపు 9 కోట్ల డాలర్ల ఖర్చని వార్తలు. పన్ను లెక్కల్లో నష్టం చూపించుకోవడానికి మూలన పడేశారు. తర్వాతి ఏడాది 'కయోటీ వర్సెస్ ఆక్మీ'కీ అదే గతి పట్టబోయింది, తీసినవాళ్లూ చూసినవాళ్లూ గోల పెట్టడంతో చివరికి ఇంకో సంస్థ కొనుక్కుంది. సినిమా బాగా రాలేదనుకుంటే విడుదల చేయకపోవడం మీ హక్కు, ఒప్పుకుంటాను. కానీ వందల మంది నెలల తరబడి చేసిన పని ఎవరికీ, ఎప్పటికీ కనబడకూడదని తాళం వేయడం నిర్ణయం కాదు. నిర్ణయమంటే రేపు ఎవరైనా తిరగదోడి చూడగలిగేది.

అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూకీ చిత్రాల్లో సుమారు 70 శాతం పూర్తిగా పోయాయని 2013లో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అవి విడుదలై, జనం చూసి, డబ్బులు తెచ్చిన సినిమాలు. వాటి గతే అదైతే, తెర మీదికే రాని డ్రాఫ్టులను, కత్తిరించిన రీళ్లను ఎవరు లెక్కపెట్టారు?

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రతి సినిమాకూ ప్రతి డ్రాఫ్టు తేదీతో సహా ఉంచండి, ఎవరు ఏ పేజీ కొట్టేశారో కనబడేలా. మీ నోట్స్ కూడా జత చేయండి, పొరబడినవి సహా. ప్రివ్యూకు వేసిన కూర్పును వేసినట్టే, ఆ రాత్రి కార్డులతో కలిపి ఒక ప్రతి దాచండి. తీసేసిన సన్నివేశాల నెగెటివ్ గానీ ఫైళ్లు గానీ విడుదలైన సినిమాతో సమానంగా చూడండి. విడుదలైన పాతికేళ్లకో, మీకు మరీ ఇబ్బందైతే ముప్పై ఏళ్లకో, ఏదైనా ఫిల్మ్ ఆర్కైవ్‌కు అప్పగించి చదువుకునేవాళ్లను రానివ్వండి. బెవర్లీ హిల్స్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో స్క్రిప్టులు, స్టూడియో ఫైళ్లు తిరగేసేవాళ్లను చూస్తే ఆ కాగితాలకు ఎంత ఆకలి ఉందో మీకే తెలుస్తుంది. ఇక విడుదల చేయని సినిమా అయితే, పన్ను సంగతి తేలాక కనీసం ఒక ప్రతి అక్కడికి చేర్చండి.

ఇవన్నీ బయటపడితే మీ పరువు పోతుందేమోనన్న అనుమానం ఉంటే, హాల్ వాలిస్‌ను గుర్తు చేసుకోండి. ఆ చివరి డైలాగ్ ఆయనదని మనకు తెలిసింది స్టూడియో కాగితాలు మిగలడం వల్లే. మిగలకపోతే ఆ ఘనత కూడా ఇంకెవరికో పోయేది.

వెల్స్ చూసి సలహాలు పంపడానికని 'ఆంబర్సన్స్' ప్రింటు ఒకటి 1942లో బ్రెజిల్‌కు పంపారు. దాని కోసం ఇప్పటికీ వెతుకుతున్నవాళ్లున్నారు. ఎనభై ఏళ్లు దాటింది, వేడిలో, తేమలో ఆ ఫిల్ము మిగిలి ఉండే ఆశ చాలా తక్కువ. అయినా ఎవరో ఒకరు వెళ్లి పాత గోడౌన్‌లలో తుప్పు పట్టిన డబ్బాల మీద పేర్లు చదువుతూనే ఉన్నారు. ఈ నెలలో ఒక రోజు తీరిక చేసుకుని, మీ గోడౌన్‌కు మీరే వెళ్లి, డబ్బాల మీద పేర్లు ఒకసారి చదవండి.

ఇట్లు,
మీ సినిమాలు చూసి, వాటి డ్రాఫ్టులు చదివి పని నేర్చుకున్న ఒక స్క్రిప్టు రచయిత